టమాటా కుండీలో స్లో రిలీజ్ ఎరువు: ఎంత వేయాలి, ఎక్కడ వేయాలి, మళ్లీ ఎప్పుడు వేయాలి

నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను కుండీ మార్చేటప్పుడు మట్టిలోంచి గుండ్రటి పసుపు పూసలు బయటపడితే చాలామంది పురుగు గుడ్లనుకుంటారు. అనుమానం తీరక ఒకటి తీసి గోరుతో నొక్కితే చిటుక్కున పగిలి నీటి చుక్క కారుతుంది. ఇంకేం, గుడ్లేనని ఖాయం చేసుకుంటారు. నేనూ ఒకప్పుడు ఒక్కో పూసా ఏరి, గుప్పెడు పారేసి, చేతులు కడుక్కుని ఏదో ఘనకార్యం చేసినట్టు కూర్చున్నాను. పారేసింది ఆ మొక్కకు రెండు మూడు నెలల తిండి అని తర్వాత తెలిసింది.

వాటినే స్లో రిలీజ్ ఎరువు అంటాం. ఒకసారి వేస్తే నెలల తరబడి కొంచెం కొంచెంగా పోషకాలు వదులుతుంది. ఇంట్లో టమాటా పెంచేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. వారం వారం ఎరువు నీళ్లు కలిపే పని తగ్గుతుంది, ఓ వారం మర్చిపోయినా మొక్క పస్తుండదు. కాకపోతే "వేసేశాం, ఇక నాలుగు నెలలు చూడక్కర్లేదు" అనుకుంటేనే చిక్కు. పూస లోపల క్యాలెండర్ ఉండదు. దానికి తెలిసినవి రెండే: తడి, వేడి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా సులువు.

పూస ఎలా పనిచేస్తుంది

పూస లోపల మామూలు ఎరువే ఉంటుంది. దాని చుట్టూ పలచని ప్లాస్టిక్ లాంటి పొర ఉంటుంది. మట్టిలోని తేమ ఆ పొరలోంచి లోపలికి వెళ్లి ఎరువును కరిగిస్తుంది. అందుకే నొక్కితే నీళ్లు వస్తాయి. కరిగిన ద్రవం మళ్లీ ఆ పొరలోంచే మెల్లగా బయటికి ఊరుతుంది. మట్టి వేడెక్కేకొద్దీ ఈ ఊరడం వేగం పుంజుకుంటుంది.

సంచి మీద "3-4 నెలలు" అనో "5-6 నెలలు" అనో రాసి ఉంటుంది. దాని పక్కనో కిందో చిన్న అక్షరాల్లో ఒక ఉష్ణోగ్రత కూడా ఉంటుంది, సాధారణంగా 21 డిగ్రీలు, కొన్నిటి మీద 25. ఆ నెలల లెక్క ఆ ఉష్ణోగ్రతకే. మీ కుండీలో మట్టి 30 దాటి ఉంటే నాలుగు నెలలది మూడు నెలలు కూడా నిలవకపోవచ్చు. నల్ల కుండీని ఎండలో పెడితే గోడ పక్క మట్టి మధ్యాహ్నం పూట 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. అదే చల్లటి రోజుల్లో పూస బద్ధకిస్తుంది, రాసినదానికంటే ఎక్కువ కాలం లాగుతుంది.

ఇది నాకు అనుభవంతోనే తెలిసింది. ఒక ఎండాకాలం ముందుచూపు అనుకుని మట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పూసలు అన్నీ కలిపేసి, కాస్త తడి చేసి, ఓ సంచిలో పోసి, మూతి కట్టి ఓ మూల పెట్టాను. నారు ఎదిగేసరికి ఆరు వారాలు పట్టింది. ఆ మట్టిలో నాటిన నాలుగో రోజుకల్లా ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి, కాగితంలా గలగలలాడాయి. మొక్క లేకపోయినా పూసలు తమ పని తాము చేసుకుపోయాయి. సంచిలో తడి ఉంది, వేడి ఉంది, ఇంకేం కావాలి? వదిలిన లవణాలన్నీ తాగే వేరు లేక అక్కడే పేరుకున్నాయి. అందుకని కలిపిన మట్టిని నిల్వ పెట్టకండి. నాటే రోజునే కలపండి.

కొనే ముందు సంచి తిప్పి చూడండి

స్లో రిలీజ్ అనే మాట కింద రకరకాల సరుకు ఉంటుంది. పైన చెప్పిన పొర పూసలు ఒక రకం. గంధకం పొర వేసిన యూరియా ఇంకో రకం. అందులో నత్రజని మాత్రమే ఉంటుంది, టమాటాకు అదొక్కటే వేస్తే ఆకులే పెరుగుతాయి. మట్టిలోని సూక్ష్మజీవులు విడగొడితేనే అందే యూరియా రకాలు కూడా ఉన్నాయి. వేపపిండి, ఎముకల పొడి, వర్మీకంపోస్టు కూడా నిదానంగా అందే ఎరువులే, వాటి గురించి చివర్లో చెబుతాను.

మూడు అంకెలు కనిపిస్తాయి కదా, 14-14-14 అనో 15-9-12 అనో. వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. వంద గ్రాముల్లో ఎన్ని గ్రాములో ఆ అంకె చెబుతుంది. టమాటాకు మొదటి అంకె మూడోదానికంటే బాగా పెద్దదిగా ఉన్నది వద్దు. రెండూ సమానంగా ఉన్నా సరే, పొటాష్ ఎక్కువున్నా సరే. లాన్ కోసమని అమ్మేది అసలు ముట్టుకోకండి. అది గడ్డికి, అంటే ఆకుకు చేసింది.

ఇంకో చూపు అవసరం: కాల్షియం, మెగ్నీషియం ఉన్నాయా? చాలా పూసల్లో కాల్షియం ఉండదు, మెగ్నీషియం కొద్దిగా ఉండొచ్చు. లేకపోతే కొనకూడదని కాదు, లేదని గుర్తుంటే చాలు.

నెలల సంగతి. పొదలా ఎదిగి ఆగిపోయి, ఒకేసారి కాపిచ్చే రకాలకు 3-4 నెలలది సరిపోతుంది. తీగలా సాగుతూ పోయే రకాలకు 5-6 నెలలది మేలనిపిస్తుంది కానీ, నా మాట వింటే వాటికీ 3-4 నెలలదే తీసుకుని మధ్యలో ఒకసారి మళ్లీ వేయండి. తేడా వస్తే సరిదిద్దుకోవడానికి వీలుంటుంది. ఆరు నెలల సరుకు మట్టిలో కలిశాక వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు.

ఎంత వేయాలో లెక్క

గుప్పెడు, చిటికెడు కొలతలు ఇక్కడ పనికిరావు. కుండీలో ఎన్ని లీటర్ల మట్టి పడుతుందో తెలియాలి. తెలియకపోతే నాటకముందు ఖాళీ కుండీని లీటరు డబ్బాతో మట్టి పోస్తూ లెక్కపెట్టండి. టమాటాకు కనీసం 15 లీటర్ల కుండీ ఉండాలి, తీగ రకానికి 20 అయితే ఇంకా మంచిది.

14-14-14 లాంటి 3-4 నెలల పూసలైతే లీటరు మట్టికి 3 గ్రాములతో మొదలుపెట్టండి. మీ సంచి మీద ఇంకో కొలత ఉంటే దాన్నే నమ్మండి, అందులోనూ తక్కువ మోతాదు అని రాసిన అంకెను. 15 లీటర్ల కుండీకి 45 గ్రాములు. వంటింటి త్రాసులో తూచండి. త్రాసు లేకపోతే తలకొట్టిన ఒక టీస్పూన్ సుమారు 5 గ్రాములు అనుకుని తొమ్మిది స్పూన్లు వేయండి.

45 గ్రాముల్లో నత్రజని 6.3 గ్రాములు. నాలుగు నెలలకు పంచితే రోజుకు దాదాపు 50 మిల్లీగ్రాములు. నీళ్లలో కలిపే 20-20-20 ఎరువుతో పోల్చి చూద్దాం. లీటరుకు ఒక గ్రాము కలిపితే అందులో నత్రజని 200 మిల్లీగ్రాములు. అంటే మీ పూసలు రోజూ పావు లీటరు ఎరువు నీళ్లు పోస్తున్నట్టు లెక్క. చిన్న మొక్కకు ఇది హాయిగా చాలు. గుత్తులు గుత్తులుగా కాయలు మోసే నిలువెత్తు మొక్కకు చాలదు. అలా అని మొదట్లోనే రెట్టింపు వేస్తే చిన్న వేళ్లు మాడతాయి. ముందు తక్కువ, తర్వాత అదనం. టమాటా విషయంలో ఈ వరస తిరగబడకూడదు.

మీ మట్టిలో ఇప్పటికే కంపోస్టు మూడో వంతు దాకా ఉంటే పూసలు లీటరుకు 2 గ్రాములకు దించండి. కొన్న పాటింగ్ మిక్స్‌లో, అంటే కుండీల కోసం కలిపి అమ్మే మట్టిలో, ముందే పూసలు కలిపి ఉన్నాయేమో కూడా చూసుకోండి. ఉంటే మొదటి రెండు నెలలు ఏమీ వేయక్కర్లేదు.

నాటే రోజు

గింజ మొలిచే ట్రేలో పూసలు వద్దు. నారుకు మొదటి జత విత్తనపు ఆకులు కాక నాలుగైదు అసలు ఆకులు వచ్చి, పెద్ద కుండీలోకి మార్చే రోజే వీటికి సరైన సమయం.

చేతికి గ్లవ్స్ వేసుకోండి. మట్టిని ఒక టబ్బులో పోసి, తూచిన పూసలు చల్లి, అడుగు నుంచి పైకి తిరగేస్తూ కలపండి. పారతో గుచ్చి గుచ్చి కలపకండి. పూస పగిలితే లోపలి ఎరువంతా ఒక్కసారే కరుగుతుంది, అప్పుడది స్లో రిలీజ్ కాదు. దంచి వేస్తే తొందరగా పనిచేస్తుందని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. నిజమే, తొందరగానే పనిచేస్తుంది, మొక్క మీద.

కుండీ అడుగున ఒక పిడికెడు మందాన పూసలు కలపని మట్టి వేయండి. నీళ్లతో పాటు జారిపోయేది తగ్గుతుంది. దాని మీద కలిపిన మట్టి సగానికి పైగా నింపి, మొక్క పెట్టండి. టమాటాను కింది ఆకులు తుంచి, కాండం లోతుగా పూడ్చవచ్చు. పూడ్చిన మేరా కొత్త వేళ్లు వేస్తుంది. ఆ కాండం చుట్టూ మాత్రం ఉత్త మట్టి ఒక దోసెడు వేసి, మిగతా చోట కలిపిన మట్టి నింపండి. లేత కాండానికి పూసలు ఆనుకుని ఉండకూడదు.

తర్వాత కుండీ అడుగు నుంచి నీళ్లు కారేదాకా పోయండి. పూసలు ఊరడం మొదలవడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఆలోగా మొక్క కాస్త లేత రంగులో కనిపించినా టెన్షన్ పడకండి. మరీ వెలిసిపోతే నీళ్లలో కలిపే ఎరువు అర మోతాదులో ఒక్కసారి ఇవ్వండి, చాలు.

ముందే నాటేసిన మొక్కకైతే

మట్టి పైన చల్లి వదిలేస్తే కుదరదు. ఎండకు పై పొర ఆరిపోతుంది, ఆరిన పూస పనిచేయదు. తర్వాత పోసిన నీళ్లకు తేలి ఓ మూలకు చేరుతుంది. కాండానికి నాలుగు వేళ్ల దూరం వదిలి, కుండీ అంచు దాకా ఉన్న మట్టిని రెండు మూడు సెంటీమీటర్ల లోతున మెల్లగా వదులు చేయండి. టమాటా వేళ్లు పైపైనే ఉంటాయి, ఎక్కువ కెలకొద్దు. పూసలు సమంగా చల్లి, మట్టి కప్పి, పైన ఎండుటాకులో గడ్డో పరవండి. ఆ కప్పు ఉంటే పూసలు తడిగా ఉంటాయి, వాటికి ఎండ నేరుగా తగలదు. మోతాదు లీటరుకు 2 గ్రాములు దాటనివ్వకండి.

నేలలో నాటిన మొక్కలకు ఇంత శ్రమ అక్కర్లేదు. నేల కుండీలా త్వరగా వేడెక్కదు, పోషకాలను పట్టి ఉంచుతుంది. మొక్కకు 30 గ్రాముల చొప్పున, జానెడు దూరంలో గుండ్రంగా పాదు చేసి, మట్టిలో కలిపి నీళ్లు పెట్టండి.

నీళ్లు

పూసలు పనిచేసేది తడిలోనే కాబట్టి నీటి తీరు మారితే ఎరువు తీరూ మారుతుంది. మూడు రోజులు ఎండబెట్టి నాలుగో రోజు ముంచెత్తే పద్ధతి టమాటాకు అన్నివిధాలా చెరుపు. మట్టి ఆరినకొద్దీ అందులోని లవణాలు చిక్కబడి వేళ్లను మాడుస్తాయి. కాయ అడుగున నల్లటి, తోలులాంటి మచ్చ పడి కుళ్లడం కూడా చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది. అది కాయ చివరకు కాల్షియం అందక వచ్చేది. మట్టిలో కాల్షియం ఉన్నా, దాన్ని మోసుకెళ్లే నీళ్లు సరిగ్గా అందకపోతే కాయకు చేరదు. నత్రజని మితిమీరితే ఇంకా ముదురుతుంది. ఈ మచ్చ చూసి ఎప్సమ్ సాల్ట్ వేసే అలవాటు ఉంటే మానేయండి. అందులో ఉన్నది మెగ్నీషియం, అది కాల్షియంతో పోటీ పడుతుంది. ముందు నీళ్లు సరిచేయండి. మచ్చ పడిన కాయలు కోసి పారేస్తే తర్వాతి గుత్తులు చాలావరకు బాగానే వస్తాయి.

వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి. ఆరినట్టుంటే అడుగు నుంచి కొద్దిగా కారేదాకా పోయండి. ఎండలు ముదిరాక కాయలున్న మొక్కకు రోజుకు రెండుసార్లు కూడా కావలసి రావచ్చు.

ఎనిమిదో వారం: పూసను నొక్కి చూడండి

నాటిన ఎనిమిది వారాలకు మట్టిలోంచి ఓ పది పూసలు తీసి, గోళ్ల మధ్య పగలగొట్టండి. నీళ్లు వచ్చాయా అని కాదు చూడాల్సింది. ఎరువంతా అయిపోయిన పూసలోనూ నీళ్లుంటాయి. లోపల తెల్లటి గట్టి పలుకు ఇంకా మిగిలి ఉందా అని చూడండి. పదిలో ఏడెనిమిదింటిలో పలుకు ఉంటే సరుకు ఉన్నట్టే. ఉత్త నీళ్లూ, ఖాళీ తొక్కలూ ఎక్కువ ఉంటే సంచి మీద ఎన్ని నెలలు రాసి ఉన్నా మీ కుండీలో దాని పని చివరికొచ్చింది. మొదట వేసినదాంట్లో సగం తూచి, ముందు చెప్పినట్టు పైమట్టిలో కలపండి. మొక్క ఆయుష్షు ఇంకా రెండు నెలలు లేదనిపిస్తే ఆ సగమూ వద్దు, నీళ్లలో కలిపే ఎరువుతో సరిపెట్టండి.

ఇదే సమయానికి పిందెలు పడుతుంటాయి, పొటాష్ అవసరం పెరుగుతుంది. మొక్క ఆరోగ్యంగా, ఆకుపచ్చగా ఉండి కాయలు బాగా దిగుతుంటే పది రోజులకోసారి లీటరు నీళ్లకు ఒక గ్రాము పొటాషియం సల్ఫేట్ కలిపి పోయండి. నత్రజని లేకుండా పొటాష్ ఒక్కటే ఇవ్వడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

ఆకులు చూసి పోల్చుకోవడం

కింది ముదురాకులు ఆకు మొత్తంగా వెలిసి పసుపైతే నత్రజని తగ్గింది. కింది ఆకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం. ఎప్సమ్ సాల్ట్ పనికొచ్చేది ఇక్కడ. ముదురాకుల అంచులు మాడుతూ, కాయలు ఒకవైపు ఎర్రగా, మరోవైపు పసుపు మచ్చలతో పండితే పొటాష్. ఒకటి రెండు అడుగు ఆకులు పండి రాలడం మాత్రం వయసు వల్ల, దానికి ఎరువు వెతకొద్దు.

కాండం బొటనవేలంత లావై, ఆకులు ముదురాకుపచ్చగా కిందికి ముడుచుకుని, మొక్క చూడముచ్చటగా ఉండి, పూత మాత్రం లేకపోతే నత్రజని ఎక్కువైనట్టు. పూత వచ్చి రాలిపోతుంటే తొందరపడి ఎరువు మీద నెపం వేయకండి. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రులు చల్లబడకపోయినా టమాటా పూత నిలవదు. ఆ రోజుల్లో అదనంగా ఎరువు వేయడం అంటే ఆకలి లేనివాడికి బలవంతంగా తినిపించడమే.

ఎక్కువ పడితే

మట్టి పైన తెల్లటి పెచ్చు, ఆకు అంచులు మాడటం, తడి ఉన్నా మొక్క వాడిపోవడం. ఈ మూడూ కలిసి కనిపిస్తే లవణాలు పేరుకున్నట్టు. ముందు పైమట్టిలో చేతికందిన పూసలన్నీ ఏరేయండి. తర్వాత కుండీ పరిమాణానికి రెండింతల నీళ్లు, అంటే 15 లీటర్ల కుండీకి 30 లీటర్లు, గంటసేపు నిదానంగా పోస్తూ అడుగు నుంచి పారనివ్వండి. మామూలు ఎరువైతే ఈ కడుగుతో వదిలిపోతుంది. పూసలు లోపలే ఉంటే రేపటి నుంచి మళ్లీ వదులుతాయి. అందుకని మట్టంతటా కలిపి మోతాదు బాగా మించిపోయిందనుకుంటే, మొక్క ఇంకా చిన్నదే అయితే, వేరు చుట్టూ మట్టి దులిపి కొత్త మట్టిలోకి మార్చడమే దారి. పెద్ద మొక్కకు వారానికోసారి కడుగుతూ పోవాలి, ఆ కాలంలో ఇంకే ఎరువూ వేయొద్దు.

వేపపిండి, ఎముకల పొడి వాడేవాళ్లకు

ఇవి కరిగి అందేవి కావు, సూక్ష్మజీవులు తిని విడగొట్టాలి. కాబట్టి చల్లటి మట్టిలో, ఉత్త కోకోపీట్‌లో బాగా ఆలస్యం చేస్తాయి. కంపోస్టు కలిసిన మట్టిలో నాటడానికి రెండు మూడు వారాల ముందే కలిపి తడిపి ఉంచితే మేలు. పొర పూసలకు చెప్పినదానికి ఇది పూర్తిగా ఉల్టా, కలగాపులగం చేసుకోకండి. ఎముకల పొడిలోని భాస్వరం ఆమ్ల గుణం ఉన్న మట్టిలోనే బాగా అందుతుంది, పీహెచ్ 7 దాటిన మట్టిలో వేసి లాభం తక్కువ. ఇంట్లో కుక్క ఉంటే ఎముకల పొడి వాసనకు కుండీ తవ్వేస్తుంది. ఆముదం పిండి అయితే దానికి విషం కూడా, కుక్కలున్న ఇంట్లో వద్దే వద్దు.

కాపు అయ్యాక

మొక్క పీకాక మట్టిలో తొక్కలు మిగిలే ఉంటాయి, అవి ఇప్పట్లో కుళ్లేవి కావు. మట్టి ఆరబెట్టి జల్లెడ పడితే చాలా వరకు పైన నిలుస్తాయి. కాలువలో పారబోయకుండా చెత్తలో వేయండి. జల్లెడకు దొరకనివాటిలో పది పగలగొట్టి చూసి, పలుకు ఉన్నవి ఎక్కువైతే ఆ మట్టిలో మళ్లీ నాటేటప్పుడు సగం మోతాదే తూచండి. మిగిలిన సంచి మూతి బిగించి, తేమ తగలని చోట, నీడలో పెట్టండి.